పదిహేను రూముల కార్డు

మార్తకు సొంత ఇల్లు లేదు, వఠారం లేదు, ఎక్కడా సెంటు జాగా లేదు. అయినా దాసరహళ్ళి ఆరో క్రాసు వీధిలో రూముల కోసం పొద్దున లేస్తే ఆమె గుమ్మం ముందే గలాటా. పోనీ అవి ఇటుకా సున్నంతో కట్టిన రూములైతే తలుపు వేసి తాళం పెట్టుకునేది. అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దదైన బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలో ఉన్నాయవి. దాన్ని మెమరీ కార్డు అంటారు. లోపల పదహారు గదులు. అందులో ఒకటి, ఏ గదిలో ఏ ఆట ఉందో రాసుకోవడానికి కార్డే సొంతానికి ఉంచుకుంది. ఇక మిగిలినవి పదిహేను. వీధికంతటికీ ఆ పదిహేనే.

ఇదంతా ఇస్సాకు తెచ్చిపెట్టిన తంటా. ఇస్సాకు ఆమె మొగుడు, పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో హాజరు రాసే టైమాఫీసు గుమాస్తా. ఉన్న రెండు గదుల్లో వీధివైపుదాన్ని వీడియో గేముల షాపు చేసి, పెళ్ళాన్ని అందులో కూర్చోబెట్టి, మార్కెట్లోకి కొత్త మిషను ఏది వచ్చిందో కనుక్కోవడమే తన వంతు పని అనుకునే మనిషి. మొదట్లో కేసెట్టు మిషను ఉండేది. కేసెట్టు దోపితే ఆట వచ్చేది, అంతే. రాకపోతే తీసి, ఉఫ్‌మని ఊది, మళ్ళీ దోపితే వచ్చేది. ఎవరు ఎంతదాకా ఆడారో గుర్తుంచుకోవడానికి పెద్ద ఆటల కేసెట్లలో లోపలే ఒక బ్యాటరీ బిళ్ళ ఉండేది. ఆ మిషనుతో మార్తకు ఏనాడూ పేచీ లేదు. కానీ ఒక్క కేసెట్టు ధరకు చిక్కపేట బజారు సందుల్లో సీడీలు సంచినిండా వస్తాయనీ, బొమ్మలు సినిమాలో ఉన్నట్టు ఉంటాయనీ ఇస్సాకు దాన్ని అమ్మేసి సీడీ మిషను తెచ్చాడు.

సీడీ చవకే, కాదనలేదు. బొమ్మలూ బాగున్నాయి. కానీ ఏ ఆట పెట్టినా ముందు "లోడింగ్" అని రాసి దేవుడి దర్శనానికి కూర్చోబెట్టినట్టు కూర్చోబెడుతుంది. గంటకింతని ఇచ్చి ఆడేవాళ్ళు ఆ కూర్చున్న సేపు లెక్కలోంచి తీసేయమని మార్త ప్రాణం తోడేస్తారు. ఒక గీత పడితే సీడీ చెత్తబుట్టకే. వీటన్నిటినీ మించింది ఇంకొకటి ఉంది. ఈ మిషను సీడీని చదువుతుంది గానీ దాని మీద ఏమీ రాయలేదు. నిన్న ఎంతదాకా ఆడావో దానికి తెలీదు. తెలియాలంటే వేరే కార్డు కొనుక్కోవాలి. ఏ వస్తువైనా ఎందుకు చవకో ఇస్సాకుకు చివరిదాకా అర్థం కాదు, మార్తకు మాత్రం వారంలోపే అర్థమవుతుంది.

రూముల పంపకం అలా ఆమె నెత్తిన పడింది. గుద్దులాట ఆటకు ఒక రూము చాలు. ఫుట్‌బాల్ ఆట మూడు పట్టుకుంటుంది, అది డిప్లొమా చదివే రియాజ్‌ది. ఎదురింటి సొన్నమ్మవ్వ ఇంట్లో ఊదొత్తులు చుట్టి, చేతులు నొప్పెడితే వచ్చి, పైనుంచి రాలే ఇటుకలు పేర్చే ఆట ఆడుతుంది. ఆవిడ వయసు అరవై దాటింది, ఆటలో తెచ్చుకున్న పెద్ద నంబరుకు ఒక రూము. అది తీసేస్తే ఊదొత్తుల బుట్టతో సహా గుమ్మంలో కూర్చుంటానని ఆవిడ ముందే చెప్పి పెట్టింది. నెలరోజులు రానివాళ్ళ రూము ఖాళీ చేసేస్తానని మార్త ఒక రూలు పెట్టింది. ఆ రూలుకు భయపడి కొందరు నెలకోసారి వచ్చి, ఐదు నిమిషాలు ఆడి, మొహం చూపించి పోయేవాళ్ళు.

ఇక మస్తాన్‌వి ఐదు రూములు.

మస్తాన్ కదిరి నుంచి వచ్చి పీణ్యలో రేకులు అదిమే ప్రెస్సు మిషను మీద పనిచేసేవాడు. ఆ వేసవిలో ప్రెస్సు దిగి కుడిచేతి చివరి రెండు వేళ్ళు పోయాయి. మిగిలిన మూడూ ఉన్నాయి, కానీ కొయ్యబారిపోయాయి. ఆస్పత్రిలో ఒక రబ్బరు బంతి ఇచ్చి పొద్దస్తమానం పిసకమన్నారు. ఆ బంతిని చూస్తేనే ఏడుపొస్తోందని అతను దాన్ని మంచం కిందికి దొర్లించేశాడు. ఒక వానరోజు షాపు చూరు కింద నిలబడి, లోపల ఎవరో ఆడుతున్న కార్ల ఆట చూసి, తానూ కూర్చున్నాడు. ఆ రోజు మార్త మేజా బల్ల గాజు మీద చిల్లర బిళ్ళ పెడితే, దాన్ని తీసుకోలేక అంచుదాకా అరచేత్తో ఈడ్చుకొని ఎడమచేతిలో పడేసుకున్నాడు. మార్త చూడనట్టు టీవీ వైపు తిరిగింది.

ఆ కార్ల ఆటలో ఊరికే పందెంలోకి రానివ్వరు. ముందు పరీక్షలు పాసై లైసెన్సులు తెచ్చుకోవాలి. ఇంత దూరంలో వేగం అందుకో, సరిగ్గా ఈ గీత మీద ఆపు, ఈ మలుపు ఇన్ని సెకన్లలో తిప్పు, ఇలాంటివి. వేగానికి ఒక మీట, బ్రేకుకు పక్కనే ఇంకో మీట. రెండూ కుడి బొటనవేలి పనే. గట్టిగా అదిమితే కారు గడ్డిలో పడుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. మస్తాన్ కారు గడ్డిలోనే కాపురం పెట్టింది. మొదటి లైసెన్సుకే రెండు నెలలు పట్టింది.

పాత పని ఎలాగూ లేదు. వర్కుషాపు ఓనరు మాత్రం ఒక మాట ఇచ్చాడు. ఆయుధపూజ అయిన సోమవారం వచ్చి అసెంబ్లీ బల్ల దగ్గర కూర్చోవాలి, చిన్న స్క్రూలు వేళ్ళతో పట్టుకొని బిగించి చూపించాలి. చేతనైతే ఆ బల్ల అతనిది. లేకుంటే వేరే మనిషి కాచుకొని ఉన్నాడు. మస్తాన్ తనంతట తానే ఒక లెక్క వేసుకున్నాడు. సోమవారంలోగా ఆటలో కడపటి లైసెన్సు వస్తే స్క్రూలు కూడా వస్తాయని.

"ఆటకూ స్క్రూలకూ ఏం సంబంధమప్పా?" అని మార్త విసుక్కుంది.

"ఉండాదిలే అక్కా," అన్నాడతను, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

దసరా వచ్చేసరికి అన్నీ పాసై ఒకే ఒక్క పరీక్ష మిగిలింది. దాని దగ్గర మూడు వారాలుగా తన్నుకుంటున్నాడు. "ఆంటీ, ఒక్కరికి ఐదు రూములు ఏం న్యాయం? నేను రెండో టీమ్ పెట్టుకోవాల," అని రియాజ్ రోజూ సతాయింపు. "ఆ ఆటే ఐదు తింటాది, నన్నేం చేయమంటావు? పో, ఆ ఆట చేసినోణ్ణి అడుగు," అని మార్త కసురు. మస్తాన్ రూముల జోలికి ఆమె ఎవరినీ రానివ్వలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చిల్లర మాత్రం అతనికి గాజు మీద పెట్టకుండా చేతిలోనే పెట్టేది.

సరిగ్గా ఆ వారమే మిషనుకు రోగమొచ్చింది. సీడీ తిరుగుతుంది, గరగర అంటుంది, ఆట సగంలో నిలబడిపోతుంది. సీడీని చదివే లెన్సు ప్లాస్టిక్ పట్టాల మీద జారుతుందట, పక్కనే కరెంటు పెట్టె కాగి కాగి ఆ పట్టాలు అరిగాయట, లెన్సు ఒకపక్కకు ఒరిగిందట. ఇనుప పట్టాలు వేసి ఉంటే అరిగేవి కాదు. ఎక్కడో ఎవరో నాలుగు కాసులు మిగుల్చుకుంటే ఇక్కడ దాసరహళ్ళిలో మార్త తల పట్టుకోవాలి. ఇస్సాకు చిక్కపేట వెళ్ళి అడిగి వచ్చి, మిషనును అలాగే బోర్లా తిప్పేశాడు. అడుగు పైకి, మూత కిందికి. లెన్సు బరువు అటు పడి మళ్ళీ చదవడం మొదలుపెట్టింది.

"ఏందిది? ఎవరన్నా చూస్తే నవ్వరా?" అంది మార్త.

"పని చేస్తాండాదా లేదా?"

పని చేస్తోంది, అదే ఆమె ఒళ్ళుమంట. సీడీ మార్చాలంటే ప్రతిసారీ ఎత్తి తిప్పి, మూత తీసి, వేసి, మళ్ళీ బోర్లించాలి. శుక్రవారం ఆయుధపూజకు వీధిలో ఉన్న ప్రతి మిషనుకూ బొట్టు పెడుతూ సొన్నమ్మవ్వ కుంకుమ గిన్నెతో ఇక్కడికీ వచ్చింది. మార్తవాళ్ళు చర్చికి పోయేవాళ్ళని ఆవిడకు తెలుసు, బొట్టు మనుషులకు కాదు మిషనుకు కదా అని ఆవిడ వాదన. వచ్చి, బోర్లాపడిన మిషను చుట్టూ తిరిగి, "మొగం యాడుందమ్మా దీనికి?" అని అడిగింది. చివరికి అడుగునే, స్క్రూల పక్కన పెట్టి పోయింది.

శనివారం పొద్దున ఇస్సాకు డ్యూటీకి పోతూ జేబులోంచి ఇంకో కార్డు తీసి మేజా మీద పెట్టాడు. ఎక్కడో మూసేసిన గేముల షాపుదట, పాత సామాన్లలో దొరికిందట. "ఇంకో పదిహేను రూములు. నీ గలాటా అయిపోయె. దాంట్లో పాతోళ్ళవి ఏవో ఉండాయి, తుడిచేయి," అని వెళ్ళిపోయాడు.

మార్తకు నిజంగా సంతోషమేసింది. గిరాకీ రాకముందే పని ముగిద్దామని కూర్చుంది. పాత కార్డు మిషనుకు కుడివైపు బొక్కలో ఉంది. కొత్తదాన్ని ఎడమవైపు బొక్కలో దోపింది. టీవీలో రెండు వరుసలు వచ్చాయి, ఎడమన ఒక కార్డు, కుడిన ఒక కార్డు. రెండూ నిండుగా ఉన్నాయి. ఆ మూసేసిన షాపులోనూ ఇవే ఆటలు ఆడినట్టున్నారు, అవే బొమ్మలు. ఫుట్‌బాలు, గుద్దులాట మనిషి, ఇటుకలు. ఎవరివో పేర్లు ఉండవు, ఆట బొమ్మ ఒక్కటే ఉంటుంది. కొత్తది ఎడమన పెట్టింది కాబట్టి ఎడమ వరుస మీద ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టింది. నిజానికి ఆ పనిలో ఒక సుఖం ఉంది. ఇన్నాళ్ళూ ఒక్క రూము ఖాళీ చేయించడానికి ఎంతమందితో పడిందో, ఇప్పుడు అడిగేవాడు లేడు. కారు బొమ్మ దగ్గరికి వచ్చింది. ఐదు రూములు. అక్కడా ఒక మస్తాన్ ఉన్నాడు కాబోలు అనుకుంది. అనుకొని, తుడిచేసింది.

మధ్యాహ్నం సొన్నమ్మవ్వ వచ్చి ఇటుకల ఆట పెట్టమంది. పెట్టింది.

"మార్తమ్మా, నా నంబరు యాడికి పోయె?"

"ఉంటాదిలే అవ్వా, సరిగ్గా చూడు."

"సున్నా ఉండాది. నాకు సున్నా తెలీదా?"

మార్త లేచి మిషను ముందు వంగింది. అవ్వ చేతిలోని జాయ్‌స్టిక్ వైరు కుడివైపు బొక్కలో ఉంది. మొదటి ఆటగాడి బొక్క అది. మామూలుగా ఎడమన ఉంటుంది, బోర్లా తిప్పినప్పటి నుంచి కుడికి వచ్చింది. ఆ సంగతి ఆమెకు తెలుసు. వారంగా వైరు కుడివైపే దోపుతోంది తానే. వైరుకు తిరిగింది కార్డుకూ తిరుగుతుందని మాత్రం ఆమెకు తట్టలేదు. మిషను బోర్లాపడింది గానీ టీవీ బోర్లాపడలేదు. టీవీలో ఎడమన కనిపించింది కుడివైపు కార్డు, వీధి మొత్తానిది.

స్టూలు మీద కూర్చుంది. అవ్వ నంబరు గుర్తుకు రాలేదు, రియాజ్ టీములు గుర్తుకు రాలేదు. ఐదు రూములే గుర్తొచ్చాయి. సోమవారం ఎల్లుండి.

సాయంత్రం ఇస్సాకు వచ్చి విని, "తిప్పితే కుడి ఎడమయితాది కదే, ఆమాత్రం తెలీదా?" అన్నాడు.

ఆ మాటతో మార్తకు అరికాలి మంట నెత్తికెక్కింది. "తిప్పింది ఎవరు? కేసెట్టు మిషను అమ్మింది ఎవరు? అరిగిపోయే పట్టాలది తెచ్చింది ఎవరు? ఇంకొకరు వాడి పారేసిన కార్డు తెచ్చి తుడవమని చెప్పింది ఎవరు? అన్నీ చవగ్గా తెస్తావు, నేను పడి చస్తా. ఆ మస్తాన్‌కు నువ్వే చెప్పు పో."

ఇస్సాకు మిషను ముందు కూర్చున్నాడు. మిగిలిన కార్డు పెట్టి చూశాడు. ఆ మూసేసిన షాపులోని ఊరూ పేరూ తెలియని మస్తాన్ ఎవరో గొప్పవాడే. లైసెన్సులన్నీ తెచ్చుకున్నాడు, అన్నిటికీ బంగారు కప్పులు. "చెప్పేది ఎందుకే? ఇదే పెడదాం. మిగిలిన ఆ కడా పరీక్ష నేను పాస్ చేసినా అంటా. ఆయన సంతోషంగా పోతాడు, సోమవారం ధైర్యంగా కూర్చుంటాడు," అన్నాడు.

మార్త వద్దనలేదు. అదే తర్వాత ఆమెకు ఎక్కువ సిగ్గనిపించింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆ ధైర్యమన్నా మస్తాన్‌కు దక్కితే చాలనే ఆలోచనలోనే కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం నిండా జనం. కార్డు ఖాళీ అయిందని తెలిసి రూములు పట్టుకోవడానికి వచ్చారు. ఇళ్ళ సైట్లు పంచుతున్నారంటే తాలూకాఫీసు ముందు మూగినట్టు మూగారు. పోయినందుకు ఏడ్చినవాళ్ళ కన్నా కొత్తది పట్టడానికి తోసుకున్నవాళ్ళే ఎక్కువ. మార్త అందరినీ కసిరి, మధ్యాహ్నానికి పది రూములు ఇచ్చి, ఐదు ఇవ్వనంది. "రెండో కార్డు ఉండాది కదా ఆంటీ," అన్నాడు రియాజ్. "ఈ మిషను ఇట్ల బోర్లా ఉన్నంతకాలం ఒక్క కార్డే. రెండోది మాట ఎత్తితే చూడు," అంది.

మస్తాన్ మూడింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, రేపటిదాన్ని ఇవాళే వేసి చూసుకుంటున్నట్టున్నాడు. వీధి మొత్తానికి తెలిసినా అతనికి తెలీదు, అతని ఇల్లు మెయిన్ రోడ్డుకు అవతల. అందరూ సద్దుమణిగారు. ఇస్సాకు వాళ్ళ చెవుల్లో ముందే ఊదినట్టున్నాడు. రియాజ్ గోడ వైపు చూస్తున్నాడు. బుట్టతో సహా గుమ్మంలో కూర్చున్న సొన్నమ్మవ్వ ఊదొత్తులు చుట్టడం ఆపింది.

ఆట తెరుచుకుంది. మస్తాన్ చూశాడు. షెడ్డులో కార్లు వరసగా, ఎర్రవి, నీలివి, పసుపువి. లైసెన్సుల పేజీ తీశాడు. అంతా బంగారమే.

"నిన్న నువ్వు రాలేదని నేనే కూర్చొని ఆ కడాది పాస్ చేసినా లేప్పా," అన్నాడు ఇస్సాకు, మరీ హుషారుగా.

మస్తాన్ మళ్ళీ షెడ్డులోకి వెళ్ళి కార్లన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "నాకుండేది ఒకే కారన్నా. తెల్లది. కొంచెం సొట్టబోయినట్టు ఉంటాది. నాకు బంగారం ఒక్కటీ రాలేదు, అన్నీ కంచు కప్పులే. ఇది ఎవరిదన్నా?"

ఇస్సాకు నోరు తెరిచాడు. ఇంకో అబద్ధం రాబోతోందని మార్తకు తెలిసింది, ఇక ఓర్చుకోలేకపోయింది.

"ఎవరిదో నాకూ తెలీదప్పా. నీది నేను తుడిచేసినా. ఈ పాడు మిషను బోర్లా ఉండాదని మర్చిపోయి, కుడీ ఎడమా తెలీక, నా చేత్తో నేనే తుడిచేసినా. నిన్న మధ్యాన్నం నుంచి అన్నం దిగలేదు నాకు. తిట్టేదుంటే తిట్టు."

అతను తిట్టలేదు. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకొని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తిట్టి ఉంటే ఆమెకు తేలికయ్యేది. 

"ఏమన్నా అనప్పా."

"ఏమనేది అక్కా. ఆ కార్డు తీసేయి. ఖాళీది పెట్టు. మొదటి నుంచి ఆడతా."

"రేపే కదా నువ్వు పోయేది. ఐదు నెలలు పట్టింది నీకు."

"ఇంట్లో కూర్చుంటే భయమైతాది. ఇక్కడే కూర్చుంటా."

ఎంత పిచ్చి అది. కానీ చేసిన తప్పుకు అతను అడిగింది అదొక్కటే. మార్త కార్డు మార్చింది. మిషనును ఎత్తి సీడీ తీసి చీర కొంగుతో తుడిచి, మళ్ళీ బోర్లించింది. లోడింగ్ అని వచ్చింది. 

మొదటి పరీక్ష, ఇంత దూరంలో ఆపడం, ఒక్క దెబ్బకు పాసయ్యాడు. మార్త పట్టించుకోలేదు, అది సులువే కాబోలు అనుకుంది. రెండోదీ అయింది. మూడో పరీక్షలో కారు గడ్డిలోకి పోయింది, మళ్ళీ వచ్చాడు, పాసయ్యాడు. సొన్నమ్మవ్వ మూడు ఊదొత్తుల కట్టలు కట్టేలోపు మొదటి లైసెన్సు వచ్చేసింది. రెండు నెలలు పట్టినది.

"సేవ్ చేసుకో," అంది మార్త.

"చేస్తాలే అక్కా," అని ముందుకు పోయాడు.

రెండో లైసెన్సు వచ్చింది. "సేవ్ చేసుకోమంటే వినవేం? కరెంటు పోతే?" అంది. తలూపాడు, చేయలేదు. ఈ మనిషికి ఎలా చెప్పాలో తెలీక ఆమె వెళ్ళి టీ కాచుకొచ్చింది. తిరిగి వచ్చేసరికి మూడోదానిలో ఉన్నాడు. రియాజ్ తన వంతు ఎప్పుడని రెండుసార్లు అడిగినవాడు, ఎప్పుడు లేచాడో లేచి, మస్తాన్ భుజం వెనక నిలబడి, "అన్నా, వదులు, ఇప్పుడు వదులు, ఆఁ, ఒత్తు," అంటున్నాడు. మార్త టీవీని వదిలి మస్తాన్ బొటనవేలిని చూసింది. ఆ వేలు మీట మీద నుంచి మీట మీదికి పోతోంది, వస్తోంది. అదిమి పెట్టడం లేదు, తాకి వదులుతోంది. ఎప్పటి నుంచి అలా కదులుతోందో ఆమెకు తెలీదు. రోజూ ఆ ఒక్క పరీక్ష దగ్గరే తన్నుకుంటున్నవాణ్ణి చూసి చూసి, వెనకటివి ఇంత సులువైపోయాయని ఆమే కాదు, అతనూ గమనించలేదు.

పొద్దు వాలేసరికి కడపటి పరీక్షకు వచ్చాడు. అక్కడ మళ్ళీ పాత కథే. గడ్డి. మళ్ళీ గడ్డి. ఒకసారి అర సెకను ఆలస్యం. మధ్యలో మిషను గరగరమంది, లెన్సు ఎక్కడో తట్టుకుంది. మార్త తనకు తెలీకుండానే, అవ్వ బొట్టు పెట్టిన చోట చెయ్యి వేసి మెల్లగా నొక్కింది. సర్దుకుంది.

తర్వాతి ఆటలో అతను మలుపుకు ముందే మీట వదిలేశాడు. అందరికీ అయిపోయిందనిపించింది. వదిలి, తాకి, మళ్ళీ వదిలి, మెత్తగా బయటికి వచ్చి గీత దాటాడు. కంచు కప్పు వచ్చింది. బంగారం కాదు, వెండి కాదు, అతనిదైన కంచు.

రియాజ్ అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. సొన్నమ్మవ్వ "అయ్యిందా?" అని నలుగురినీ అడిగింది. టీవీలో సేవ్ చేయాలా అని ప్రశ్న వచ్చి నిలిచింది.

"ఇప్పుడన్నా ఒత్తప్పా, నీ పుణ్యముంటాది," అంది మార్త.

మస్తాన్ జాయ్‌స్టిక్ కింద పెట్టేశాడు. "వద్దులే అక్కా. ఆ ఐదు రూములు రియాజ్‌కు ఇయ్యి, పాపం ఎన్నాళ్ళనుంచో అడుగుతా ఉండాడు. నాకింక దాంతో పని లేదు."

లేచి, ఆడిన గంటలకు నోటు ఇచ్చాడు. మార్త వద్దంది, వినలేదు. ఇంకా టీవీలోని ఆ ప్రశ్ననే చూస్తూ, ఆమె చిల్లర బిళ్ళను అతని చేతిలో పెట్టడం మరిచి అలవాటుగా మేజా గాజు మీద పెట్టేసింది. పెట్టాక గుర్తొచ్చింది. ఈలోపే మస్తాన్ రియాజ్‌తో ఏదో చెబుతూనే, అటు చూడకుండానే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి బిళ్ళను గాజు మీంచి ఎత్తి జేబులో వేసుకున్నాడు. వేసుకొని, చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయాడు.

"ఆంటీ, ఆ ఐదు నాకే అన్నాడు," అన్నాడు రియాజ్.

మార్త జాయ్‌స్టిక్ తీసుకొని, అవును అన్న మీట ఒత్తింది. ఐదు రూములూ నిండాయి.

"ఖాళీ లేవు," అంది.

సోమవారం మస్తాన్ రాలేదు. మంగళవారమూ రాలేదు. ఆ ఆదివారం అతని భార్య ఫాతిమా గుమ్మంలో నిలబడి, ఒక డబ్బాలో మిఠాయి ఇచ్చి, ఆయనకు ఆదివారాలు కూడా ఓవర్‌టైమేనని చెప్పి పోయింది. మార్త ఆ మిఠాయి తిని, లెన్సు మళ్ళీ మొరాయిస్తోందని ఇస్సాకును తిట్టింది. నెల దాటింది. రియాజ్ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ వచ్చాడు.

"ఆంటీ, మీ రూలే కదా. నెల రోజులు రాకపోతే ఖాళీ."

"ఆయన ఖాళీ చేసి పోలేదప్పా, పనికి పోయినాడు," అంది మార్త. "ఆ రూములు ఆయనవే. నువ్వు పోయి ఆడుకో."